ఆటోపేను నమ్మనివారు బిల్లులు కట్టుకునే పద్ధతి

నెలనెలా వచ్చే బిల్లులను ఆటోపేకు, అంటే ఖాతాలోంచి డబ్బు దానంతట అదే పోయే ఏర్పాటుకు అప్పగించడానికి మనసొప్పనివారు బెంగళూరులోని తెలుగు ఇళ్లల్లో చాలామందే ఉన్నారు. వారిని కాలానికి వెనకబడ్డవారిగా చూడడం సరికాదు. తన ఖాతాలోంచి ఎవరు, ఎప్పుడు, ఎంత తీసుకుంటున్నారో తెలుసుకోవాలనుకోవడం డబ్బు విలువ తెలిసిన మనిషి లక్షణం. అయితే ఆ అపనమ్మకం ఒక పద్ధతిగా మారకపోతే రెండు విధాల నష్టం జరుగుతుంది. గడువులు దాటి ఆలస్య రుసుములు కట్టడం మొదటిది. విసుగు పుట్టి, ఏదో ఒకరోజు అన్నింటినీ ఒకేసారి ఆటోపేలో పెట్టి వాటి సంగతే మరిచిపోవడం రెండవది.

ముందు ఒక తేడా గ్రహించాలి. బిల్లు చూసి మనం డబ్బు పంపడం ఒక పని, మనం ఎప్పుడో ఇచ్చిన అనుమతిని ఆధారం చేసుకుని వాళ్లు మన ఖాతాలోంచి తీసుకోవడం పూర్తిగా వేరే పని. మొదటి దాంట్లో లెక్క తప్పితే డబ్బు ఇంకా మన దగ్గరే ఉంటుంది కాబట్టి, మనల్ని ఒప్పించాల్సిన భారం అవతలివారిది. రెండవ దాంట్లో డబ్బు వెళ్లిపోయాక దాన్ని వెనక్కి రప్పించే భారం మన మీద పడుతుంది. ఈ వ్యాసంలో చెప్పే ప్రతి జాగ్రత్తా ఈ తేడా నుంచే వస్తుంది. గుర్తుచేసే పనిని యంత్రానికి వదలండి, చెల్లించే పనిని మీ చేతిలో ఉంచుకోండి. తప్పనిసరిగా యంత్రానికి వదలవలసిన చెల్లింపులు కొన్ని ఉంటాయి, వాటి చుట్టూ గట్టి కంచె కట్టండి.

ఇప్పటికే ఎవరెవరు తీసుకుంటున్నారో తేల్చుకోవడం

ఒక సాయంత్రం తీరిక చేసుకుని, మీ పేరున ఉన్న ప్రతి బ్యాంకు ఖాతాకూ, ప్రతి క్రెడిట్ కార్డుకూ గత 13 నెలల స్టేట్‌మెంటు తీయండి. 12 కాకుండా 13 ఎందుకంటే, ఏడాదికోసారి మాత్రమే డబ్బు తీసుకునే చందాలు, బీమాలు, యాంటీవైరస్ లాంటివి పన్నెండు నెలల అంచున దొరకకుండా జారిపోతాయి. అందులో ఏసీహెచ్, నాచ్, ఈసీఎస్, ఎస్ఐ (స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్), మాండేట్ అనే మాటలు ఉన్న ప్రతి వరుస కిందా గీత గీయండి. మాండేట్ అంటే డబ్బు తీసుకోవడానికి మనం ఇచ్చిన అనుమతి, మిగతావి బ్యాంకులు ఆ అనుమతి మీద డబ్బు తీసే పద్ధతుల పేర్లు. ఊళ్లో ఉన్నప్పుడు, అంటే అనంతపురంలోనో కడపలోనో కాలేజీ రోజుల్లో తెరిచిన పాత ఖాతాను మాత్రం వదలకండి. జీతం ఖాతా మారినా, పాత బీమా పాలసీ ఆ ఖాతాలోంచే తీసుకుంటూ ఉండడం తరచూ కనిపించే విషయం.

తరువాత అనుమతులు దాగి ఉండే చోట్లను ఒక్కొక్కటిగా తెరవాలి. మీరు వాడే ప్రతి యూపీఐ యాప్‌లో ఆటోపే పేరుతో ఒక పేజీ ఉంటుంది. బ్యాంకు యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో కార్డుల విభాగంలో ఈ-మాండేట్లు లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ల పేజీ ఉంటుంది. నాచ్ మాండేట్ల జాబితా కొన్ని బ్యాంకుల యాప్‌లలోనే కనిపిస్తుంది, కనిపించకపోతే శాఖకు వెళ్లి అడిగి తీసుకోవాలి. ప్రతి నాచ్ మాండేట్‌కూ యూఎంఆర్ఎన్ అనే విడి గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని తప్పక రాసుకోండి, ఎందుకంటే రద్దు చేయించేటప్పుడు కౌంటర్లో మొట్టమొదట అడిగేది దాన్నే. వీటితో పాటు ఫోనులోని ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్‌లో చందాల పేజీని కూడా చూడాలి. ఇక్కడ చాలామంది ఒక విషయంలో పొరబడతారు. ఫోనులోంచి యాప్‌ను తీసేస్తే ఆ యాప్‌కు ఇచ్చిన అనుమతి పోదు, అది బ్యాంకులో అలాగే ఉంటుంది.

దొరికినవన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎవరు తీసుకుంటున్నారు, ఏ ఖాతాలోంచి, ఎంతవరకు తీసుకోవడానికి అనుమతి ఉంది, నెలలో ఏ తేదీన, అనుమతి ఎప్పటితో ముగుస్తుంది అనే ఐదు విషయాలు చాలు. వీటిలో మూడవదాని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. నెలకు 199 రూపాయలు పోతున్న చందాకు అనుమతి మాత్రం 5,000 రూపాయల వరకు ఇచ్చి ఉండవచ్చు. పోతున్న మొత్తం స్టేట్‌మెంటులో కనిపిస్తుంది, పోగల మొత్తం మాండేట్‌లో మాత్రమే కనిపిస్తుంది.

ఏవి వదలాలి, ఏవి వెనక్కి తీసుకోవాలి

అపనమ్మకంతో అన్నింటినీ ఒక్కసారిగా రద్దు చేయడం ప్రమాదకరం. ఇంటి రుణం, వాహన రుణం వంటి వాటి ఈఎంఐలను ఎప్పటిలాగే నాచ్ మీదే ఉంచండి. రుణ ఒప్పందంలోనే ఆ మాండేట్ ఒక షరతుగా ఉంటుంది. పైగా ఖాతాలో డబ్బు లేక అది తిరిగి వెళితే, చెక్కు బౌన్సు అయినప్పుడు ఎదురయ్యే చిక్కులే ఎదురవుతాయి. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలోని 25వ సెక్షను దీన్ని శిక్షార్హమైన నేరంగా చూస్తుంది. రెండేళ్ల వరకు జైలు, లేదా ఆ మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బీమా ప్రీమియంలను కూడా యంత్రానికే వదలమని నా సలహా. నెలవారీ ప్రీమియానికి 15 రోజులు, మిగతా వాటికి 30 రోజులు అదనపు గడువు ఉంటుంది. ఆ గడువు కూడా దాటి పాలసీ ఆగిపోయిందంటే, ముఖ్యంగా ఆరోగ్య బీమాలో, కొన్ని జబ్బులకు బీమా వర్తించడానికి ఆగవలసిన నిరీక్షణ కాలంలో అప్పటివరకు గడిపినదంతా వృథా అయ్యే ప్రమాదం ఉంది. ఈ రెండింటిలోనూ మొత్తం ముందే తెలిసినది, నెలనెలా మారనిది. అంటే ప్రతి నెలా మనిషి చూసి నిర్ణయించవలసింది అందులో పెద్దగా లేదు.

మొత్తం మారుతూ ఉండే బిల్లుల సంగతి వేరు. కరెంటు, నీరు, పైపు గ్యాసు, పోస్ట్‌పెయిడ్ ఫోను, క్రెడిట్ కార్డు బిల్లులను చూడకుండా కట్టకూడదు. బెంగళూరులో కరెంటు బిల్లు దీనికి సరైన ఉదాహరణ. 2023లో మొదలైన గృహజ్యోతి అనే కర్ణాటక ప్రభుత్వ ఉచిత విద్యుత్ పథకం కింద చాలా ఇళ్లకు నెలల తరబడి సున్నా బిల్లు వస్తుంది. ఏ వేసవి నెలలోనో వాడకం 200 యూనిట్లు దాటితే, దాటిన యూనిట్లకు మాత్రమే కాక మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. ఇల్లు తాళం వేసి ఊరికి వెళ్లినప్పుడు మీటరు చూడడం కుదరకపోతే సగటు లెక్కన బిల్లు వేస్తారు. ఏడాదిలో ఒకసారి సగటు వాడకాన్ని బట్టి అదనపు సెక్యూరిటీ డిపాజిట్ కూడా అడుగుతారు. ఇవన్నీ ఆటోపేలో ఒకే తీరుగా, ఒక అంకెగా మాత్రమే కనిపిస్తాయి. కాగితం మీద చూసినవారికి మాత్రమే గత నెల రీడింగుకూ ఈ నెల రీడింగుకూ మధ్య తేడా తెలుస్తుంది. మీటరు దగ్గరికి వెళ్లి ఆ అంకెను సరిచూసుకోవాలన్న ఆలోచనా వారికే వస్తుంది.

క్రెడిట్ కార్డు విషయంలో ఇంకొక మాట. కొందరు ఆటో డెబిట్ పెట్టుకునేటప్పుడు మొత్తం బకాయి అని కాకుండా కనీస బకాయి అని ఎంచుకుంటారు. చెల్లింపు జరిగిందని సందేశం వస్తుంది, మనసు కుదుటపడుతుంది. కానీ మిగిలిన మొత్తానికి కొనుగోలు తేదీ నుంచే వడ్డీ పడుతూ ఉంటుంది. ఒకవేళ కార్డుకు ఆటో డెబిట్ ఉంచాలనుకుంటే అది మొత్తం బకాయికే అని ఈ రోజే సరిచూసుకోండి. చేత్తో కట్టేవారికి ఒక చిన్న వెసులుబాటు ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం గడువు దాటి 3 రోజులు మించితేనే కార్డు సంస్థ ఆలస్య రుసుము వేయాలి. దీన్ని అనుకోని అడ్డంకుల కోసం దాచుకోవాలి గానీ ప్రతి నెలా వాడుకోకూడదు.

పోస్ట్‌పెయిడ్ ఫోను బిల్లులో మీరు కోరని కాలర్ ట్యూన్ల వంటి అదనపు సేవల రుసుము కలిసి ఉంటే, 155223కు స్టాప్ అని సందేశం పంపి ఆపించవచ్చు. కాని బిల్లు తెరిచి చూసినవారికే ఆ రుసుము కంటపడుతుంది.

చేత్తో కట్టడం

ఇందులో కష్టమైన భాగం జ్ఞాపకం పెట్టుకోవడమే. బిల్లు వచ్చినప్పుడల్లా కట్టాలనుకుంటే ఏదో ఒకటి తప్పిపోతుంది. నెలలో రెండు రోజులు నిర్ణయించుకోండి. జీతం పడిన తరువాత వచ్చే మొదటి ఆదివారం ఒకటి, దానికి రెండు వారాల తరువాతి ఆదివారం రెండవది అనుకుంటే, ఇంటికి వచ్చే బిల్లులన్నీ ఈ రెంటిలో ఏదో ఒకదాని కిందకు వస్తాయి. ఫోను క్యాలెండరులో ఆ రెండు రోజులకూ, ప్రతి బిల్లు గడువుకు మూడు రోజుల ముందుకూ గుర్తు పెట్టండి. రెండు ఆదివారాలూ దాటిన బిల్లు ఏదైనా ఉంటే ఆ మూడు రోజుల గుర్తు దాన్ని పట్టుకుంటుంది. చివరి రోజు సాయంత్రం దాకా ఆగడం మంచిది కాదు. యూపీఐ సర్వరు మొరాయించినా, డబ్బు మధ్యలో చిక్కుకున్నా గడువు మాత్రం ఆగదు.

కట్టే చోటు విషయంలో వీలైనంత వరకు భారత్ బిల్‌పే ద్వారా కట్టండి. ఇప్పుడు దాన్ని భారత్ కనెక్ట్ అంటున్నారు. దాదాపు అన్ని బ్యాంకు యాప్‌లూ, యూపీఐ యాప్‌లూ దాన్నే వాడతాయి. దానివల్ల చెల్లించేముందు బిల్లు మొత్తం, వినియోగదారు పేరు, గడువు నేరుగా సంస్థ దగ్గరి నుంచే తెరమీదకు వస్తాయి. అక్కడ ఒక్క నిమిషం ఆగండి. బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం బిల్లు మీద ఉండే 10 అంకెల అకౌంట్ ఐడీ సరిపోయిందా, తెరమీద వచ్చిన పేరు మీ ఇంటి యజమాని పేరేనా, చేతిలోని కాగితం మీద ఉన్న మొత్తమూ తెరమీది మొత్తమూ ఒకటేనా అని చూడండి. అద్దె ఇళ్లల్లో కనెక్షను యజమాని పేరునే ఉంటుంది కాబట్టి, ఒకే భవనంలో ఉన్న నాలుగు పోర్షన్లకూ ఒకే పేరు రావచ్చు. అలాంటప్పుడు పేరుతో తృప్తిపడక ఐడీని అంకె అంకెగా చూడాలి.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కరెంటు బిల్లును బెంగళూరు నుంచి కట్టే పిల్లలు చాలామంది ఉన్నారు. దాన్ని ఆటోపేలో పెట్టడం సులువే. కాని అక్కడి మీటరును మీరు చూడలేరు, నాన్నగారు చూడగలరు. బిల్లు రాగానే ఆయన కాగితాన్ని ఫొటో తీసి పంపడం, మీరు దాన్ని చూసి కట్టి రసీదు తిరిగి పంపడం అలవాటు చేసుకుంటే, రెండు వైపులా లెక్క ఉంటుంది. రీడింగు పెరిగితే మొదట గమనించేది ఇంట్లో ఉన్న మనిషే.

ఇక మన దగ్గరే ఉంటూ ఫోనులో చెల్లింపును ఏమాత్రం నమ్మని పెద్దవాళ్లకు బెంగళూరు వన్ కేంద్రాలు ఉన్నాయి. కరెంటు, నీటి బిల్లులను అక్కడ నగదుగా కట్టి ముద్రించిన రసీదు తీసుకోవచ్చు. ఆ రసీదు విలువను తక్కువగా చూడకండి, వివాదం వచ్చినప్పుడు అదే అన్నిటికన్నా ముందు నిలబడుతుంది. ఫోనులో కట్టేవారు కూడా లావాదేవీ సంఖ్య కనిపించే రసీదును ప్రతిసారీ దాచాలి. ఒక ఫోల్డరు చాలు.

వదిలినవాటి చుట్టూ కంచె

ఈఎంఐ, బీమా, మీరు కావాలని ఉంచుకున్న ఒకటి రెండు చందాలు ఆటోపేలో మిగిలాయనుకుందాం. వీటన్నిటినీ జీతం ఖాతాలోంచి తప్పించి ఒక విడి సేవింగ్స్ ఖాతాకు మార్చండి. నోటు పుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం ఆ నెలకు కావలసిన మొత్తాన్ని, దాని పైన ఖాతాకు ఉండవలసిన కనీస నిల్వను మాత్రమే జీతం పడిన రోజున అందులోకి పంపండి. ఈ పంపడాన్ని మీ బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్‌గా పెట్టుకోవచ్చు. అది మీ ఒక ఖాతా నుంచి మీ ఇంకొక ఖాతాకు పోతుంది కాబట్టి భయం లేదు. పొలంలో ఒక్క మడికే నీరు వదిలి మిగతా గట్లు మూసినట్టు, ఎవరు ఎంత తప్పుగా లాగినా ఆ ఖాతాలో ఉన్నదానికి మించి పోదు. మీ ఇంటి ఖర్చు డబ్బుకు ఆ తప్పు తగలదు. అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఈ ఒక్క ఏర్పాటులోనే ఉందని నా అభిప్రాయం. నియమాలు మారుతూ ఉంటాయి, ఈ గట్టు మాత్రం మీరు కట్టుకున్నది.

నియమాలు ఎలా మారాయో చూస్తే ఈ మాట ఎందుకు అంటున్నానో అర్థమవుతుంది. 2019 ఆగస్టు 21న రిజర్వు బ్యాంకు కార్డుల మీద ఈ-మాండేట్లకు నిబంధనలు ఇచ్చినప్పుడు, ఓటీపీ అడగకుండా తీసుకోగల మొత్తాన్ని 2,000 రూపాయలకు పరిమితం చేసింది. 2020 జనవరిలో అవే నిబంధనలను యూపీఐకి వర్తింపజేసింది. 2021 జనవరి నుంచి పరిమితి 5,000 అయింది, 2022 జూన్‌లో 15,000 అయింది. 2023 డిసెంబరులో మ్యూచువల్ ఫండ్లు, బీమా ప్రీమియంలు, క్రెడిట్ కార్డు బిల్లులకు లక్ష రూపాయల దాకా పెరిగింది. వ్యాపారానికి ఇది అవసరమే కావచ్చు. కాని పరిమితి పెరిగిన ప్రతిసారీ, మనల్ని అడగకుండా పోగల మొత్తం పెరిగిందని గుర్తించాలి. అదే నిబంధనలు మనకు ఇంకొక హక్కు కూడా ఇచ్చాయి. మొత్తం మారుతూ ఉండే చెల్లింపుకు మాండేట్ ఇచ్చేటప్పుడు గరిష్ఠ మొత్తాన్ని నిర్ణయించేది వినియోగదారే. 800 రూపాయలు వచ్చే బ్రాడ్‌బ్యాండు బిల్లుకు గరిష్ఠం 15,000 అని నింపి ఉంటే ఒప్పుకోకండి, 1,000 అని మార్చండి. మార్చడం కుదరని యాప్‌లో ఆ మాండేట్ పెట్టకండి. కాగితం మీద నాచ్ మాండేట్ నింపేటప్పుడు కూడా అంతే. స్థిర మొత్తం, గరిష్ఠ మొత్తం అని రెండు గడులు ఉంటాయి. ఈఎంఐ మారనిదైతే స్థిర మొత్తం మీదే టిక్కు పెట్టమని అడగండి, ముగింపు తేదీని ఖాళీగా వదిలి సంతకం చేయకండి.

డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు సందేశం రావాలన్నది ఈ నిబంధనల్లో అన్నిటికన్నా ఉపయోగపడేది. తీసుకునేవారి పేరు, మొత్తం, తేదీ ఆ సందేశంలో ఉండాలి. ఆ ఒక్క చెల్లింపునో, మొత్తం మాండేట్‌నో ఆపుకునే వీలు కూడా ఉండాలి. ఈ సందేశం రావాలంటే బ్యాంకులో మీ ఫోను నంబరు సరైనదై ఉండాలి. ఊరి నుంచి బెంగళూరుకు వచ్చాక నంబరు మార్చి, పాత ఖాతాలో మార్పించనివారికి ఈ రక్షణ లేనట్టే. అయితే రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. 24 గంటల నియమం కార్డులు, వాలెట్లు, యూపీఐ కోసం పెట్టింది, నాచ్ దాని పరిధిలోకి రాదు. 2024 ఆగస్టు నుంచి ఫాస్టాగ్, మెట్రోలో వాడే ఎన్‌సీఎంసీ కార్డు నిల్వ తగ్గినప్పుడు దానంతట అది నింపుకునే ఏర్పాటుకు కూడా ముందస్తు సందేశం అక్కర్లేదు. బాగేపల్లి మీదుగా తరచూ ఊరికి వెళ్లేవారు ఫాస్టాగ్‌ను బయలుదేరే ముందు చేత్తో నింపుకోవడమే మేలు, దానివల్ల ప్రయాణానికి టోలు ఎంతయిందో కూడా తెలుస్తుంది.

యూపీఐ ఆటోపే ఒకసారి విఫలమైతే అంతటితో పోయిందనుకోకండి. యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 ఆగస్టు నుంచి అమలులోకి తెచ్చిన నియమం ప్రకారం మొదటి ప్రయత్నం తరువాత ఇంకా మూడుసార్లు ప్రయత్నించవచ్చు. అవి కూడా రద్దీ లేని వేళల్లో, అంటే ఉదయం 10 గంటలలోపు, మధ్యాహ్నం 1 నుంచి 5 మధ్య, రాత్రి 9:30 తరువాత జరుగుతాయి. కాబట్టి వద్దనుకున్న చందాను ఆపడానికి ఖాతా ఖాళీగా ఉంచడం ఒక పద్ధతి కాదు. మాండేట్‌నే రద్దు చేయాలి.

ఒక్క రూపాయి చందాలు

ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లలకు తప్పనిసరిగా చెప్పవలసిన విషయం ఒకటుంది. సీరియళ్ల యాప్‌లు, జాతకాల యాప్‌లు, ఇంగ్లీషు నేర్పే యాప్‌లు కొన్ని మూడు రోజులకు ఒక్క రూపాయి అని అడుగుతాయి. యూపీఐ పిన్ నొక్కమంటాయి. నొక్కినప్పుడు మనం ఇచ్చేది ఒక్క రూపాయి మాత్రమే కాదు, ఆ తరువాత నెలకో వారానికో వందల రూపాయలు తీసుకోవడానికి అనుమతి కూడా. పిన్ నొక్కే తెరమీద గరిష్ఠ మొత్తం, ఎన్నాళ్లకోసారి, ఎప్పటివరకు అనే మూడు విషయాలు ఉంటాయి. అవి కనిపించాయంటే అది చెల్లింపు కాదు, మాండేట్. ఆ మూడింటినీ పైకి చదివి వినిపించమని ఇంట్లో వాళ్లకు నేర్పండి. చదివాక చాలామంది వెనక్కి తగ్గుతారు. చేరడం సులువుగా, మానడం కష్టంగా ఉండేలా చందాలను తయారుచేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో డార్క్ ప్యాటర్న్‌గా, అంటే వినియోగదారును తప్పుదారి పట్టించే ఎత్తుగడగా గుర్తించింది. ఫిర్యాదు చేసేటప్పుడు ఈ మాట రాస్తే ఉపయోగం ఉంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

తప్పుగా పోయినప్పుడు

ముందు మాండేట్‌ను ఆపండి, తరువాత ఫిర్యాదు రాయండి. ఈ క్రమం తిరగబడితే ఫిర్యాదు నడుస్తుండగానే వచ్చే నెల చెల్లింపు కూడా పోతుంది. ఆపిన పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి. నాచ్ అయితే యూఎంఆర్ఎన్ రాసి శాఖలో అర్జీ ఇచ్చి, రెండవ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్రకు చాలా బలం ఉంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మీరు బ్యాంకులో మాండేట్ రద్దు చేయించిన తరువాత కూడా డబ్బు పోతే దానికి మీ బ్యాంకే బాధ్యత వహించాలి. మరుసటి రోజుకల్లా సరిచేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అర్జీలో ఆ ఉత్తర్వు తేదీని ప్రస్తావించండి.

మీరు ఎన్నడూ ఇవ్వని అనుమతి మీద డబ్బు పోయిందా, లేక మీరే ఇచ్చిన అనుమతి మీద ఎక్కువ పోయిందా అన్నది స్పష్టంగా వేరుచేసి రాయాలి. మొదటిది అనధికార లావాదేవీ. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వుతో వచ్చిన నియమాలు దీనికి వర్తిస్తాయి. తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు, సమాచారం అందిన 3 పనిదినాల్లో బ్యాంకుకు తెలిపితే నష్టం మీ మీద పడదు. బ్యాంకు 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమచేయాలి. ఆలస్యం చేసినకొద్దీ మీ వాటా పెరుగుతుంది. మోసమని అనుమానం ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా వెంటనే ఫోను చేయండి. రెండవది బిల్లింగు వివాదం. అందులో మొదటి ఫిర్యాదు ఆ సంస్థకే చేయాలి. కరెంటుకైతే 1912, నీటికైతే జలమండలి 1916. మనం ఫోనులో తెలుగులో మాట్లాడినా చాలాసార్లు అర్థం చేసుకుంటారు, అయినా ఫిర్యాదు సంఖ్య అడిగి రాసుకోకుండా ఫోను పెట్టేయకండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, సీఎంఎస్ అనే ఫిర్యాదుల వెబ్‌సైటు ద్వారా ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448. బ్యాంకుకు ముందుగా రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదు లేకుండా అక్కడికి వెళితే తిప్పి పంపుతారు, అందుకే ఫోనులో మాటలతో సరిపెట్టకండి.

ఇల్లు మారేటప్పుడు

బెంగళూరులో అద్దెకు ఉండేవారికి ఇది ప్రత్యేకమైన చిక్కు. మారతహళ్లి నుంచి కృష్ణరాజపురానికి మారినా, మీరు పెట్టిన ఆటోపే పాత ఇంటి మీటరుకే కట్టుబడి ఉంటుంది. కొత్తగా దిగినవారి కరెంటు బిల్లును మీ ఖాతా కడుతూ ఉంటుంది. వారికి బిల్లు రాదు కాబట్టి వారూ అడగరు. డబ్బు సక్రమంగా బిల్లుకే పోయింది కాబట్టి ఏ సంస్థనూ తప్పుపట్టలేం, తిరిగి ఇమ్మని అడగవలసింది ఆ ఇంటివారినే. అందుకే ఇల్లు ఖాళీ చేసేరోజు మీటరు రీడింగును తేదీ కనిపించేలా ఫొటో తీసి యజమానికి పంపండి. ఆ రోజుకున్న బిల్లు కట్టి, కరెంటు, నీరు, గ్యాసు, బ్రాడ్‌బ్యాండు, అపార్ట్‌మెంటు నిర్వహణ యాప్‌లలోని మాండేట్లన్నీ రద్దు చేయండి. గృహజ్యోతికి ఇచ్చిన ఆధార్ అనుసంధానాన్ని పాత అకౌంట్ ఐడీ నుంచి తొలగించే పని ఎలాగూ ఉంటుంది, రెండింటినీ ఒకే పూట ముగించండి. చెల్లింపు యాప్‌లో భద్రపరిచిన పాత ఐడీని కూడా తీసేయాలి, లేకపోతే అలవాటుగా దాన్నే నొక్కి కట్టే అవకాశం ఉంది.

రుణం తీరినప్పుడూ ఇదే శ్రద్ధ కావాలి. బకాయి లేదన్న ధ్రువపత్రం తీసుకునే రోజే నాచ్ మాండేట్ రద్దు చేయమని అర్జీ ఇవ్వండి. ఆ తరువాతి నెల ఈఎంఐ తేదీ దాటేదాకా ఖాతాను గమనించండి. నోటు పుస్తకంలో ఆ వరుసను కొట్టివేసి, పక్కన రద్దు చేసిన తేదీ రాసి, పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.